బండికి గడప

సోమవారం రాహుకాలం తొమ్మిదికి పోతుంది. తొమ్మిది దాటిన ఐదు నిమిషాలకు మా చెల్లెలు లక్ష్మీదేవమ్మను బండిలో పడుకోబెట్టి కడపకు పంపించాను. తొమ్మిదిన్నర కాకముందే ఆ బండి వెనక్కు వచ్చి మా వాకిట్లోనే నిలబడింది.

మనిషి వెళ్ళిన వెంటనే ఇల్లు ఊడ్చకూడదని నేనింకా చీపురు ముట్టలేదు. ఖాళీ మంచం పక్కన ఊరికే నిలబడి ఉన్నాను. అంతలో బండి ఇంజను చప్పుడు వినపడింది. బయలుదేరినవాళ్ళు వెనక్కు రావడం మంచిది కాదు. అది తెలిసి కూడా, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను. నిజం చెప్పాలంటే ఆ పరుగులో భయం కంటే సంతోషమే ఎక్కువ.

భూపేష్ డ్రైవరు సీటులోంచి దిగాడు. వాడు లక్ష్మి కొడుకు. కడపలో నాపరాళ్ళ వ్యాపారం. ముఖం నిండా దుమ్ము కొట్టుకుని ఉంది.

"ఏమైంది నాయనా?"

"తలుపు, పెద్దమ్మా. మార్కెట్ యార్డు దాటినామో లేదో టపామని తెరుచుకునింది. పక్కన పోయే ఆటోకు రొవ్వంతలో తప్పింది."

"మీయమ్మ?"

"అమ్మకేం కాలేదు. అరిచింది, అంతే."

"అరవక పాట పాడల్నేమిరా?" లోపలి నుంచి లక్ష్మి గొంతు వినిపించింది. "కాళ్ళ కాడ ఇల్లుంటాదనుకుంటే రోడ్డు కనపడె!"

ఆ గొంతు విన్నాక నాకు ఊపిరి వచ్చింది.

లక్ష్మి పడిపోయి పన్నెండు రోజులైంది. ఎనుముకు కుడితి పెట్టబోయి తొట్టి దగ్గర జారింది. తుంటి ఎముక విరిగింది. మా ఆలూరు ఆస్పత్రిలో కాలికి బరువు కట్టి, ఆపరేషన్ చేయించాలన్నారు. భూపేష్ కడపలో ఒక ఆస్పత్రి మాట్లాడాడు. ఎముకల డాక్టరు బెంగళూరు నుంచి పదిహేను రోజులకొకసారి అక్కడికి వస్తాడు. ఆయన వచ్చేది మంగళవారం పొద్దున. సోమవారం సాయంత్రానికి రోగిని చేర్పించాలి.

లక్ష్మి కూర్చునే స్థితిలో లేదు. కారు కుదరదు. అంబులెన్స్ పేరెత్తితే చాలు, ముఖం గోడవైపు తిప్పుకునేది. ఆరేళ్ళ కిందట మా మరిదిని, అంటే దాని మొగుణ్ణి, అందులోనే కర్నూలుకు తీసుకుపోయారు. మూడో రోజు అందులోనే తెచ్చారు.

అప్పుడు భూపేష్ ఈ బండి సంగతి చెప్పాడు. ఎన్నికలప్పుడు ఎవరో నాయకుడు ఊళ్ళు తిరగడానికి చేయించుకున్న కారవాన్. ఎన్నికలు అయిపోయాక మూల పడి ఉంటే, యాత్రలకు బాడుగకు తిప్పుదామని వాడూ ఇంకొకాయనా కలిసి కొన్నారు. లోపల మంచం, పొయ్యి, నీళ్ళ తొట్టి, బాత్రూము అన్నీ ఉన్నాయట. "ఇల్లే పెద్దమ్మా, చక్రాల మీద ఇల్లు," అన్నాడు ఫోన్లో.

"గడప ఉండాదా?" అని అడిగాను.

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

మా ఆయన ముప్పై ఎనిమిదేళ్ళ కిందట పత్తి లారీ మీద బళ్ళారికి పోతూ వాకిట్లోంచే లారీ ఎక్కాడు. కొత్త ఇల్లు కడుతున్న రోజులు. గోడలు లేచాయి, ద్వారబంధం ఇంకా నిలబెట్టలేదు. గడప లేని ఇంట్లోంచి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. బళ్ళారి దాకా పోయి వెతికాం. పోయాడన్నవాళ్ళూ లేరు, ఉన్నాడన్నవాళ్ళూ లేరు. మా మరిదిని మంచంతో సహా ఎత్తి అంబులెన్సులో పెట్టారు. దానికీ గడప లేదు. ఇవన్నీ భూపేష్‌కు చెప్పలేదు. చెబితే ఇంకోసారి నవ్వుతాడు. "పడుకునేది, వండుకునేది అయినప్పుడు అది ఇల్లే. ఇంటికి గడప లేకుంటే మీయమ్మ ఎక్కదు," అని మాత్రం అన్నాను. అది లక్ష్మి మాట కాదు, నాది. వాడు తల్లి మాట అనుకున్నాడు. కడపలో కట్టెల అడితిలో వేప చెక్క కోయించి, ఆరు స్క్రూలతో బండి తలుపు కింద బిగించి తెచ్చాడు.

ఆదివారం సాయంత్రం బండి రాగానే ఆ గడపను రెండు చెంబుల నీళ్ళతో కడిగాను. మందంగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. సోమవారం తెల్లవారుజామున మళ్ళీ కడిగి మళ్ళీ పసుపు రాశాను. నలుగురు మనుషులు దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని లక్ష్మిని ఎత్తినప్పుడు, దాని కుడికాలు మడమను ఆ గడపకు తాకించి మరీ లోపలికి పంపించాను. అది నొప్పికి పళ్ళు కొరికింది. అయినా తాకించాను.

ఇప్పుడు ఆ తలుపు మూతపడటం లేదు.

* * *

బండి చుట్టూ జనం చేరారు. ఎదురింటి హంపమ్మ నడుముకు చేతులు పెట్టుకుని చూసింది.

"ఓట్లకు తిరిగిన బండి గదా, దాని తలుపు యాడ నిలబడుతుంది! తెరిచి చెయ్యి ఊపేది, మూసేది. అదే అలవాటయింటాది."

"నువ్వు గమ్మునుండు హంపమ్మా," అన్నాడు భూపేష్.

"తాడేసి కట్టు నాయనా. మా ఎద్దుల బండికి తలుపే ల్యాకుండె, ముగ్గురు పిల్లోళ్ళను మోసింది."

తాడు కూడా కట్టి చూశారు. కానీ ఆ తలుపు బయటికి తెరుచుకుంటుంది. లక్ష్మి మంచం తలుపుకు ఎదురుగానే ఉంది, కాళ్ళు తలుపువైపు. పెద్ద రోడ్డు మీద గాలికి తాడు తెగితే ఏమవుతుందో ఊహించుకోలేక భూపేష్ తాడు విప్పేశాడు. బస్టాండు దగ్గర షట్టర్లు, ట్రాలీలు బాగుచేసే రామాంజిని పిలిపించాడు.

రామాంజికి నలభై ఏళ్ళుంటాయి. తొందరపడే మనిషి కాదు. వచ్చీ రాగానే తలుపు జోలికి పోలేదు. బండి చుట్టూ తిరిగి, వంగి నాలుగు చక్రాలూ చూశాడు.

"ఇంటికి వాస్తు చూసినట్ల బండికి ముందు నేల చూడల్ల," అన్నాడు. "ఈ పక్క మిట్ట, ఆ పక్క పల్లం. బండి రొవ్వంత మెలి తిరిగినా తలుపు మొండికేస్తాది."

పల్లంలో ఉన్న చక్రం కింద బండ పెట్టించి బండిని సమం చేయించాడు. తలుపు వేశాడు. పట్టలేదు. కీళ్ళ స్క్రూలు బిగించాడు. పై కీలు కింద రెండు వాషర్లు వేశాడు. వేశాడు, తీశాడు, వేశాడు. ప్రతిసారీ తలుపు దగ్గరికి వచ్చి, ఆఖరి అంగుళంలో ఆగి, వెనక్కు జరిగేది. గట్టిగా నెడితే లాక్ కొస మాత్రం పట్టేది. అరచేత్తో బండిని ఒక్క చరుపు చరిచేసరికి మళ్ళీ ఊడేది.

"నిన్న కడప నుంచి బాగానే వచ్చిందే!" అన్నాడు భూపేష్.

"నిన్న నిన్నే, ఈ పొద్దు ఈ పొద్దే అన్నా."

నేను మా ఇంటి తలుపు చెక్కకు ఆనుకుని నిలబడి ఇదంతా చూస్తున్నాను. లోపల స్వర్ణలత, భూపేష్ భార్య, అత్తకు అట్టముక్కతో విసురుతోంది. తలుపు మూయకుండా ఏసీ వేస్తే లాభం లేదట. చైత్రం ఎండ. రేకు మెల్లగా కాగుతోంది.

"పెద్దత్తమ్మా, నీళ్ళు కావాలి," అంది స్వర్ణలత. మంచి పిల్ల. మాటలో మర్యాద ఎప్పుడూ తగ్గదు. వాళ్ళది కడపలో రెండు గదుల ఇల్లు. ఆస్పత్రిలో రోగి దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు. ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు అక్కడే ఉంచుకుంటామన్నారు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. వద్దనీ అనలేదు. అసలు ఆ మాటే రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా నేనూ లక్ష్మీ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద బతుకుతున్నాం. పోయిన నాలుగు రోజులుగా ఎవరైనా ఆ మాట అంటారేమోనని చూస్తున్నాను. చీరలు రెండు మడిచి సంచిలో పెట్టి, సంచి కనపడకుండా బియ్యం డబ్బా వెనక పెట్టుకున్నాను.

నీళ్ళ చెంబు పట్టుకుని లోపలికి వెళ్ళాను. లక్ష్మి ముఖం చెమటతో మెరుస్తోంది.

"ఈ మంచం మీద ఎవురు పడుకున్నాడో ఏమో అక్కా. పరుపు నడిమిట్ల గుంత పడిండాది. బో లావుపాటి నాయకుడు."

"నీళ్ళు తాగు."

"తాగితే మళ్ళా బాత్రూమంటాను. ఆ చిన్న గదిలో నన్ను ఎవురు మోస్తారు? గుటకేస్తే చాలు." ఒక గుటక తాగింది. "ఎనుముకు తవుడు పెట్టినావా?"

"పెట్టినా."

"ఒకటే పూట పాలు పిండు. సూడిది అది. నువ్వుండావని నాకు ధైర్యం, ల్యాకుంటే ఈ ఎనుమును ఎవురికి ఒప్పజెప్పి పోదును?"

నేను చెంబు తీసుకుని దిగిపోయాను.

* * *

పదకొండు దాటింది. రామాంజి పనిముట్లు కింద పెట్టి, "కాగితముందా అవ్వా? పేపరు కాగితమైతే మేలు," అన్నాడు.

మా ఇంట్లో పాత పేపర్లకు కొదవలేదు. కట్టలో పైన ఉన్నది ఇంకా చదవలేదు. ఇవ్వబుద్ధి కాలేదు. వెతికి, రెండుసార్లు చదివేసింది తెచ్చి ఇచ్చాను. అతను దాన్ని జానెడు వెడల్పు ముక్కలుగా చించాడు.

"చూడవ్వా. తలుపుకూ చట్రానికీ నడుమ ఈ ముక్క పెట్టి తలుపు మూస్తాము. మూసినాక ముక్కను లాగల్ల. వదులుంటే జారి వచ్చేస్తాది. బిగువుంటే పట్టుకుంటాది. చుట్టూ ఒకటే బిగువుంటే తప్పు లాక్‌లో ఉండాదని అర్థం. ఒక తావ వదులు, ఒక తావ బిగువు ఉంటే తప్పు ఆ బిగువున్న తావ ఉండాది. నేను భుజమేసి తలుపును నొక్కి పెట్టుకుంటా. నువ్వు లాగి చెప్పు."

భూపేష్ ఆ పక్కకు పోయి ఆస్పత్రితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే.

తలుపు తెరిచి ముక్కలు పెట్టాను. పైన ఒకటి, పక్కన రెండు, కింద ఒకటి. కింద పెట్టడానికి వంగినప్పుడు చూశాను. తలుపు అడుగున ఉన్న నల్ల రబ్బరు మీద మూరెడున్నర పొడవున పసుపు గీత. నా పసుపే. గడపకు రాసిన పసుపు రబ్బరుకు ఒత్తుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు అంటుకుని ఉంది. గడప మీద చెయ్యి పెట్టాను. చెక్క ఇంకా తడిగానే ఉంది. పచ్చి చెక్క. అడితిలో కోసింది కోసినట్టు తెచ్చినట్టున్నారు. నేను పోసిన నాలుగు చెంబుల నీళ్ళూ తాగి ఉబ్బి ఉంది.

రామాంజి వెనక నిలబడి బీడీ పారేస్తున్నాడు. నేను కొంగుతో ఆ గీతను తుడిచేశాను.

ఎందుకు తుడిచానో అప్పుడు ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే పోయింది.

"పెట్టినావా?"

"పెట్టినా."

అతను భుజం ఆనించి తలుపును నొక్కాడు. కళ్ళు మూసుకుని బరువంతా వేశాడు. పై ముక్క లాగాను. వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చింది. పక్క ముక్కలు కొంచెం పట్టి వచ్చాయి. కింది ముక్క రాలేదు. ఇంకా లాగితే సగానికి చినిగి నా చేతికి వచ్చింది.

"ఎట్లుండాదవ్వా?"

చినిగిన ముక్కను గుప్పిట్లో నలిపాను.

"అంతా ఒకటే తీరుగా ఉందప్పా."

"కిందా?"

"కిందా అంతే."

అతను నమ్మాడు. ముసలిదాని మాట ఎందుకు నమ్మడు? స్క్రూడ్రైవర్ తీసి లాక్ విప్పడం మొదలుపెట్టాడు. నేను వేపచెట్టు నీడలోకి పోయి కూర్చున్నాను. ఈ ఒక్క రోజు, అనుకున్నాను. ఒక్క రోజు ఆగితే నన్నూ రమ్మనే మాట వీళ్ళకు గుర్తొస్తుందేమో. ఒక్క రాత్రి లక్ష్మి ఇంట్లోనే పడుకుంటుంది. ఆపరేషన్ సంగతి నా బుర్రలోకి రాలేదని చెప్పను. వచ్చింది. దాన్ని పక్కకు నెట్టాను.

లాక్ లోపలి నుంచి దుమ్ము, స్ప్రింగు, చిన్న చిన్న ముక్కలు బయటికి వచ్చాయి. రామాంజి వాటిని తువ్వాలు మీద వరసగా పేర్చాడు. కిరసనాయిలుతో కడిగాడు. లాక్ నాలుక పట్టే పలకను ఆకురాయితో అరగదీశాడు. మళ్ళీ బిగించాడు. మూశాడు. ఊడింది. మళ్ళీ విప్పాడు. అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పన్నెండున్నరకు లేచి నిలబడ్డాడు.

"నా వల్ల కాదన్నా. లాక్ పోయిండాదనుకుంటా. ఇట్లాంటిది ఈడ దొరకదు. కర్నూలులో గూడా దొరకదు. బెంగళూరు నుంచి తెప్పించల్ల. రెండు మూడు దినాలు."

భూపేష్ మళ్ళీ ఫోను చేశాడు. అవతలి మాటలు నాకు వినపడలేదు. వాడి మాటలు వినపడ్డాయి. "సార్, రేపు మధ్యాహ్నానికి... లేదు సార్... మరి ఎల్లుండి ఉండరా? మళ్ళా పదైదు దినాలకా సార్?" ఫోను జేబులో పెట్టుకుని బండి మెట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. నలభై ఐదేళ్ళవాడు. చిన్నప్పుడు పరీక్ష తప్పినప్పుడు కూడా అలాగే కూర్చున్నాడు.

"డాక్టరు రేపు సాయంత్రమే పోతాడంట. ఇంక పదైదు దినాలకే," అన్నాడు, ఎవరితో అన్నట్టూ కాకుండా.

లోపల అట్టముక్క విసురు ఆగింది. తర్వాత లక్ష్మి పిలిచింది. పొద్దుటి గొంతు కాదు.

"అక్కా."

వెళ్ళాను. అది పైకప్పు వైపు చూస్తోంది. కళ్ళ చివరల నుంచి నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి. పన్నెండు రోజుల్లో నేనవి చూడటం అదే మొదలు. పడిన రోజు కూడా ఏడవలేదు. ఎనుమును తిట్టింది.

"ఇంకా పదైదు దినాలు నేను ఓర్చుకోలేనక్కా. నీకు చెప్పలే గానీ, రాత్రుళ్ళు గుడ్డ నోట్లో కుక్కుకుంటాండా."

పక్క మంచంలోనే పడుకుంటాను నేను. నాకు తెలియలేదు. నేను నిద్రపోయాను.

బయటికి వచ్చాను. మెట్టు మీద భూపేష్ పక్కకు జరిగాడు.

"రామాంజీ, లాక్ కాదు. గడప తీసెయ్."

ఇద్దరూ నా వైపు చూశారు.

"గడప ఉబ్బిండాది. కాగితం కింద చినిగింది. నేను నీకు అబద్ధం చెప్పినా."

గుప్పిట్లోంచి నడుముకు దోపుకున్న ముక్కను తీసి చూపించాను. పసుపంటిన కొంగు కూడా చూపించాను. రామాంజి కాగితం తీసుకుని, చినిగిన అంచును వేలితో తడిమాడు.

"గంటన్నర నుంచి లాక్ ముక్కలు ఏరుకుంటాండా అవ్వా," అన్నాడు. అంతే అన్నాడు.

"ఏంటికి పెద్దమ్మా?" అన్నాడు భూపేష్.

స్వర్ణలత తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె ముఖం చూడలేకపోయాను.

"మా అక్కనేమనద్దండి," అంది లక్ష్మి లోపలి నుంచి. "ఎవురన్నా అన్నారంటే నేను లేసొస్తా." లేచి రాలేని మనిషి అన్న ఆ మాటకు హంపమ్మ కూడా నవ్వలేదు.

* * *

గడప తీయాలి. తీసేవాళ్ళే లేరు.

రామాంజి రెండడుగులు వెనక్కు వేశాడు. "పూజ చేసిన గడపవ్వా. లోపల మనిషిని పెట్టుకోని గడప పీకమంటే నేను పీకను. ఇంట్లో పీనుగ ల్యాచినప్పుడు గూడా గడప ముట్టరు. మా పిల్లోళ్ళుండారు."

"అమ్మను దించి తీద్దామా?" అన్నాడు భూపేష్. ఆ మాట అన్న వాడికే అది కాదని తెలుసు. పొద్దున ఎక్కించడానికి నలుగురికి ముప్పావుగంట పట్టింది. దుప్పటి కదిలిన ప్రతిసారీ దాని ముఖం ఎలా మారిందో అందరం చూశాం.

"నువ్వు తియ్యి నాయనా."

భూపేష్ తలుపు దాకా పోయాడు. స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. కుంకుమ బొట్ల మీద చెయ్యి పెట్టబోయి తల్లి కాళ్ళ వైపు చూశాడు. స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. "నా చేతుల్తో ఎట్ల తీద్దును పెద్దమ్మా? రేపు ఆపరేషన్."

వాళ్ళను తప్పుపట్టను. గడప గురించి వాళ్ళకు ఆ భయం పెట్టింది ఎవరు? పొద్దున మడమ తాకించి, కర్పూరం వెలిగించి, అందరి చేతా దండం పెట్టించింది నేనే.

మెట్టు మీద కూర్చున్నాను. స్క్రూడ్రైవర్ తీసుకున్నాను.

"ఎటు తిప్పల్ల?"

"ఎడమకవ్వా," అన్నాడు రామాంజి. చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డాడు. "గట్టిగా నొక్కి పెట్టి తిప్పు. నొక్కకుంటే తల అరిగిపోతాది."

మొదటి స్క్రూ పసుపు కింద మూసుకుపోయి ఉంది. గోరుతో గీకాను. నొక్కాను. తిరగలేదు. రెండు చేతులతో, ఛాతీ ఆనించి నొక్కాను. కిర్రుమని కదిలింది. ఒక్కో స్క్రూకూ ఐదారు నిమిషాలు పట్టింది. మణికట్టులో నొప్పి మోచేతి దాకా పాకింది. నా తలకు ఎదురుగా మూరెడు దూరంలో లక్ష్మి పాదాలు. ఒకదానికి బరువు కట్టి ఉంది. కాలి మట్టెలు మా మరిది పోయినప్పుడు తీశారు, ఆ చోట చర్మం ఇప్పటికీ తెల్లగానే ఉంది.

"ఏం చేస్తాండావక్కా?"

"గడప తీస్తాండా."

పాపం తగులుతుందంటుందని ఎదురుచూశాను. భయపడుతుందనుకున్నాను.

"తియ్యి," అంది. "దించేటప్పుడు మడమకు తగలకుండా ఉంటాది. పొద్దున పానం పోయె."

ఆరో స్క్రూ ఊడింది. చెక్క రాలేదు. బిగుసుకుని ఉంది. రామాంజి ఉలి, సుత్తి నేల మీద పెట్టి నా వైపు తోశాడు, చేతికి ఇవ్వకుండా. ఒక చివర ఉలి దూర్చి కొట్టాను. నాలుగో దెబ్బకు చెక్క పైకి లేచింది. దాని కింద ఇనుము మీద తడి నల్లగా ఉంది.

చెక్కను భూపేష్ ఎటో తీసుకుపోయాడు. ఎక్కడ పెట్టాడో అడగలేదు.

ఆ తర్వాత రామాంజి చేతులకు పని దొరికింది. తాను వేసిన వాషర్లన్నీ తీశాడు. లాక్ పలకను మొదటి చోటికి జరిపాడు. తలుపును పైకెత్తి పట్టుకుని కీళ్ళు బిగించాడు. మళ్ళీ కాగితం ముక్కలు పెట్టి, ఈసారి భూపేష్‌ను నొక్కమని తానే లాగి చూసుకున్నాడు. నన్ను పిలవలేదు. చుట్టూ ఒకే బిగువు వచ్చేదాకా ఒక్కో స్క్రూనూ పావు చుట్టు, అరచుట్టు తిప్పుతూ పోయాడు. రెండు గంటలకు తలుపు మూశాడు. 'టక్' మని ఒకే ఒక్క చప్పుడు. బండిని చరిచాడు, గుద్దాడు, చివరికి తలుపు పిడి పట్టుకుని వేలాడాడు. ఊడలేదు.

"ఇప్పుడు పొమ్మను అమెరికా దాకా," అంది హంపమ్మ.

భూపేష్ చేతులు కడుక్కుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. స్వర్ణలత ఏసీ వేసింది. "రాత్రి ఎనిమిది లోపల చేర్పిస్తే చాలన్నారు, పెద్దమ్మా," అని కిటికీలోంచి అరిచాడు భూపేష్. "ఫోన్ చేస్తాలే."

"ఉండన్నా, ఇంజను మీద ఇంకో పది తూర్లు మూసి తీసి చూస్తా," అన్నాడు రామాంజి. "ఆ అదురులో నిలబడల్ల."

ఇంజను వేశారు. అతను తలుపు తెరిచాడు, మూశాడు, తెరిచాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. తెరిచినప్పుడు లక్ష్మి కనపడేది. మెడ కొంచెం ఎత్తి నా కోసం చూసేది. మూసినప్పుడు నల్ల అద్దంలో నా ముఖమే కనపడేది.

"ఉండావా?" అంది మొదటిసారి.

"ఉండా."

మూశాడు. తెరిచాడు.

"హంపమ్మ చేతికి తాళం చెవి ఇయ్యద్దు. ఊరంతా తిప్పుతాది."

"ఇయ్యనులే."

మూశాడు. తెరిచాడు.

"ఎండలో నిలబడినావేంటికి? నీడకు పో."

"పోతాలే."

మూశాడు. చల్లగాలి ఒక తెర నా ముఖానికి తగిలి ఆగిపోయేది. నేను చెప్పవలసిన మాటలు కూడబెట్టుకుంటున్నాను. పొద్దున పంపినప్పుడు ధైర్యం చెప్పాను, దేవుడి పేరు చెప్పాను, అవన్నీ అందరూ చెప్పేవే. సంచి సంగతి చెప్పాలి. బియ్యం డబ్బా వెనక సంచి ఉంది, నన్నూ రమ్మను, అని. నా నోటితో అడగాలి. తెరిచాడు. దాని పక్కన స్వర్ణలత ఉంది. ఈసారి కాదు, వచ్చేసారి అనుకున్నాను. మూశాడు. తెరిచాడు. లక్ష్మి ఏదో గుర్తొచ్చినదానిలా చెయ్యి పైకెత్తింది.

"అక్కా, ఆ..."

మూశాడు. అరచేత్తో బండి పక్కన రెండుసార్లు చరిచి, బస్సు కండక్టర్ మాదిరి, "రైట్, రైట్!" అన్నాడు.

బండి కదిలింది.

నేను చెయ్యి ఎత్తాను. అది ఆపమనో, పొమ్మనో నాకే తెలియదు. భూపేష్ అద్దంలో చూసి తానూ చెయ్యి ఊపాడు. బండి మలుపు తిరిగింది.

"పది తూర్లన్నావే," అన్నాను రామాంజితో. "ఆరే అయినాయి."

అతను పనిముట్లు సంచిలో వేసుకుంటున్నాడు. "నిలబడిందిగదవ్వా. ఇంకేంటికి?"

సాయంత్రం నాలుగు దాటాక, గుత్తి దాటి ఉంటారనుకుని ఫోను చేశాను. స్వర్ణలత ఎత్తి అత్త చెవి దగ్గర పెట్టింది. తలుపు గట్టిగా ఉందట. దుమ్ము కూడా రావడం లేదట. బయటి చప్పుడు ఏమీ వినపడటం లేదట.

"పోయేటప్పుడు ఏందో చెప్పబోతివే లక్ష్మీ. చెయ్యి ఎత్తి."

"నేనా?" మాత్ర వేసుకుంది కాబోలు, మాట మత్తుగా ఉంది. చాలాసేపు ఆలోచించింది. ఇంజను హోరు వినపడుతూనే ఉంది.

"గ్యాపకం ల్యాదక్కా," అంది. "వస్తే చెప్తాలే."